పదమూడేళ్ల పిల్ల చేతికి నెలసరి యాప్: ఒక సమీక్ష

నెలసరి తేదీలను గుర్తుపెట్టే యాప్ ఎలా ఉందని ఎవరినైనా అడిగితే, వచ్చే నెల తేదీని అది ఎంత కచ్చితంగా చెప్పిందో ముందు చెబుతారు. ముప్పై ఏళ్లు దాటి, ఇంచుమించు ఒకే ఎడంతో నెలసరి వచ్చే స్త్రీలకు ఆ కొలమానం సరిపోతుంది. రజస్వల అయి ఏడాదో రెండేళ్లో గడిచిన పిల్లలకు మాత్రం అది బొత్తిగా సరిపోదు. ఆ వయసులో యాప్ చేసే పనులన్నిటిలోకీ నమ్మదగనిది అది చెప్పే జోస్యం, విలువైనది అది భద్రపరిచే లెక్క. ఈ సమీక్షలో నేను యాప్‌లను ఆ రెండో పనిని బట్టే తూచాను.

బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉండే మా చెల్లెలి కూతురికి పదమూడేళ్లు. తరగతిలో స్నేహితురాళ్లు ఏదో ఒక యాప్ వాడుతున్నారని, తనకూ ఒకటి కావాలని అడిగింది. మా చెల్లెలు ఎంపిక బాధ్యతను నాకు వదిలేసింది. ఐఫోన్‌లో ముందే ఉండే హెల్త్ యాప్‌ను, బెర్లిన్‌లోని ఒక చిన్న బృందం తయారుచేసిన డ్రిప్‌ను, విస్తృతంగా వాడుకలో ఉన్న ఒక ఉచిత యాప్‌ను, వీటి పక్కన ఒక మామూలు నోటు పుస్తకాన్ని పెట్టి చూశాను. యూనిసెఫ్ వారు ప్రత్యేకంగా బాలికల కోసమే చేయించిన ఓకీ అనే యాప్ నిర్మాణాన్ని కూడా పరిశీలించాను. ఆ ఉచిత యాప్ పేరు ఇక్కడ రాయడం లేదు. దాని మీద నాకున్న అభ్యంతరాలు ఆ తరహా యాప్‌లు చాలావాటికి వర్తిస్తాయి కాబట్టి పేరుతో పని లేదు.

ముందుగా శరీరం లెక్క తెలుసుకోవాలి, ఎందుకంటే యాప్ లెక్క దానిమీదే ఆధారపడుతుంది. నెలసరి చక్రాన్ని రక్తస్రావం మొదలైన రోజు నుంచి మళ్లీ రక్తస్రావం మొదలయ్యే ముందు రోజు వరకు లెక్కిస్తారు. చాలామంది పిల్లలు, కొందరు తల్లులు కూడా, స్రావం ఆగిపోయిన రోజు నుంచి లెక్క మొదలుపెడతారు. దానివల్ల నాలుగైదు రోజులు తగ్గిపోయి, ఇరవై మూడు రోజులకే వచ్చేసిందన్న కంగారు అనవసరంగా పుడుతుంది. పెద్దవారిలో 21 నుంచి 35 రోజుల ఎడం మామూలు. కౌమారంలో 45 రోజుల వరకు మామూలే. అమెరికా స్త్రీవైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2015లో వెలువరించిన మార్గదర్శకం ప్రకారం మొదటి ఏడాదిలో సగటు ఎడం 32 రోజుల పైచిలుకు, మూడో ఏటికి 60 నుంచి 80 శాతం చక్రాలు 21–34 రోజుల మధ్యకు వస్తాయి. నాడి, రక్తపోటు, ఉష్ణోగ్రతలను ఎలా చూస్తారో ఎదిగే పిల్లల నెలసరిని కూడా ఆరోగ్యానికి అలాంటి ముఖ్య సూచికగానే చూడాలని ఆ మార్గదర్శకం సారాంశం.

ఎడం అలా మారుతూ ఉండటానికి కారణం ఉంది. మెదడులోని హైపోథలామస్, దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, అండాశయాలు ఒకదానికొకటి హార్మోన్ల ద్వారా కబురు పంపుకొనే ఏర్పాటు కుదురుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది. ఆ కొన్నేళ్లలో అండం విడుదల కాకుండానే గడిచిపోయే చక్రాలు ఎక్కువ. అండం విడుదలైతే, ఆ తరువాత దాదాపు రెండు వారాలకు నెలసరి వస్తుంది, ఆ గడువు పెద్దగా మారదు. అండమే విడుదల కానప్పుడు గర్భాశయపు లోపలి పొర ఎప్పుడు రాలుతుందో చెప్పగలిగే గడువంటూ ఏదీ ఉండదు. ఒకసారి 24 రోజులకు, మరోసారి 43 రోజులకు రావడం ఈ దశలో రోగం కాదు.

ఇక యాప్ చేసేదేమిటంటే, గడిచిన కొన్ని చక్రాల సగటు తీసి చివరి తేదీకి కలపడం. ఆ కూడికకు కొందరు కృత్రిమ మేధ అని పేరు పెట్టినా, లోపల ఉన్న సరుకు తేదీలే. ఒక పిల్లకు వరుసగా 29, 43, 24, 38 రోజులకు నెలసరి వచ్చిందనుకుందాం. నాలుగూ మామూలు పరిధిలోనే ఉన్నాయి. వాటి సగటు 33.5 రోజులు. ఆ నాలుగింటిలో ఒక్కటి కూడా ఆ సగటుకు నాలుగు రోజుల దగ్గరికి రాలేదన్న సంగతి గమనిస్తే, ఐదోదాని విషయంలో యాప్ తెరమీద గీసే ఎర్రటి వలయానికి ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది. యాప్‌ను అప్పుడే పెట్టుకున్న పిల్లకు గత తేదీలు కూడా ఉండవు. అప్పుడు అది 28 రోజుల చక్రం, ఐదు రోజుల స్రావం అని తనంతట తానే అనుకుని లెక్క మొదలుపెడుతుంది. ఏటా మే 28న జరిపే రుతు పరిశుభ్రత దినోత్సవానికి తేదీని ఎంచుకున్నది కూడా ఆ 28, ఆ ఐదుల వల్లనే. ప్రచారానికి గుండ్రటి సంఖ్య పనికొస్తుంది కానీ, దానితో పిల్ల శరీరాన్ని కొలవడం మొదలుపెడితే పేచీ వస్తుంది.

ఆ పేచీ మాకు ఉచిత యాప్‌తో వచ్చింది. అది అనుకున్న తేదీ దాటగానే రోజుకొక హెచ్చరిక పంపింది, ఆలస్యమైన రోజులను ఎర్ర అంకెలలో చూపింది, ఆ కింద గర్భనిర్ధారణ పరీక్ష గురించిన వ్యాసానికి దారి చూపింది. ఏడో తరగతి దాటి ఎనిమిదిలోకి వచ్చిన పిల్లకు ఇది చూపించడంలో పొరపాటు ఒక్క యాప్‌ది మాత్రమే కాదు. ఆ తరగతి పిల్లలు చాలామంది పుట్టిన సంవత్సరం అడిగిన చోట తోచింది నొక్కి ముందుకు వెళ్లిపోతారు. తన పక్క బెంచీ పిల్ల యాప్ లెక్కలో ఇరవై ఆరేళ్లదని మా చెల్లెలి కూతురు నవ్వుతూ చెప్పింది. ఆ తరువాత యాప్ ఆ పిల్లకు ఇరవై ఆరేళ్ల స్త్రీకి చూపవలసినవన్నీ చూపుతుంది. వయసు సరిగ్గా వేస్తే కొన్ని యాప్‌లలో ఈ విభాగాలు కనబడకుండా పోతాయి కాబట్టి, యాప్ పెట్టేటప్పుడు పెద్దవాళ్లు పక్కన కూర్చోవలసిన మొదటి చోటు అదే.

"పెద్దమ్మా, మధ్యలో ఈ పచ్చరంగు రోజులు ఏమిటి?" అని మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు కూడా సమాధానం ఇక్కడే చెప్పాలి. అవి గర్భం రావడానికి అవకాశం ఉన్న రోజులని యాప్ అంచనా. పెద్ద స్త్రీల విషయంలోనే ఆ అంచనా బలహీనం. 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో 221 మంది స్త్రీలను పరిశీలించగా, పాఠ్యపుస్తకాలు చెప్పే 10–17 రోజుల మధ్యే ఆ అవకాశం పూర్తిగా పరిమితమైనవారు 30 శాతం మందే. చక్రం ఇంకా కుదురుకోని పిల్లకు ఆ పచ్చరంగు వల్ల ఉపయోగం లేదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల అమ్మాయిలకైతే ఉపయోగం లేకపోవడంతో ఆగదు. పచ్చరంగు లేని రోజులన్నీ సురక్షితమని ఎవరో ఒకరు అనుకునే ప్రమాదం ఉంది. తేదీలతో పాటు రోజూ శరీర ఉష్ణోగ్రతను కూడా తీసుకునే నేచురల్ సైకిల్స్ అనే యాప్‌కు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో గర్భనిరోధక సాధనంగా అనుమతినిచ్చినప్పుడు కూడా, దాన్ని పద్దెనిమిదేళ్లు నిండినవారికే పరిమితం చేసింది. కేవలం తేదీలతో నడిచే యాప్‌కు ఆ పాటి ఆధారం కూడా లేదు.

ఇంకొక మాట పీసీఓఎస్ గురించి, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పే, అండాశయాల్లో నీటిబుడగల్లాంటివి కనిపించే సమస్య గురించి. ఆ ఉచిత యాప్‌లో కొన్ని ప్రశ్నలు అడిగి, పీసీఓఎస్ ఉండవచ్చని సూచించే విభాగం ఒకటుంది. మొటిమలు ఉన్నాయా, నెలసరి క్రమం తప్పిందా, బరువు పెరిగారా అని అడిగితే ఎనిమిదో తరగతిలో సగం మంది అవునంటారు. ఈ విషయంలో 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకం స్పష్టంగా ఉంది: మొదటి ఏడాదిలో క్రమం తప్పడం మామూలు. ఒకటి నుంచి మూడేళ్ల వరకు 21 రోజులకన్నా తక్కువైనా 45కన్నా ఎక్కువైనా మాత్రమే క్రమం తప్పినట్టు. ఏడాది దాటాక ఒక్కసారైనా 90 రోజులు మించితే పట్టించుకోవాలి. రజస్వల అయిన ఎనిమిదేళ్లలోపు కేవలం స్కానింగ్‌లో కనిపించిన నీటిబుడగలను చూసి ఆ జబ్బు ఉందని తేల్చకూడదని కూడా అందులో ఉంది. ఈ సంఖ్యలను పిల్లకు చెప్పగలిగితే ప్రశ్నావళి అవసరం ఉండదు.

అసలు తేదీ ముందుగా తెలియాలన్న ఆరాటం పిల్లకన్నా ఇంటికే ఎక్కువని నాకనిపిస్తుంది. శ్రావణ పౌర్ణమికి ముందు శుక్రవారం వచ్చే వరలక్ష్మీ వ్రతానికీ, తిరుమల ప్రయాణానికీ, ఇంట్లో పెళ్లికీ ఆ తేదీ అడ్డం వస్తుందా రాదా అన్న లెక్క మన ఇళ్లలో ఫోన్లు రాకముందు నుంచీ ఉన్నదే, బెంగళూరుకు వచ్చి స్థిరపడ్డ ఇళ్లలోనూ అది పోలేదు. యాప్ వచ్చాక ఆ ఎర్ర వలయాన్ని చూసి పిల్లలకు నెలసరి వాయిదా మాత్రలు వేసే తల్లులు నాకు తెలుసు. అవి నోరెథిస్టెరాన్ అనే హార్మోన్ మందు, వైద్యుల చీటీ మీదే కొనవలసినవి. మామూలుగా రావలసిన తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టమంటారు. రావలసిన తేదీయే ఊహ అయినప్పుడు ఆ మూడు రోజులను ఎక్కడినుంచి లెక్కిస్తారు? మతం మీద నాకు వ్యాఖ్య లేదు. లెక్క మీద మాత్రం ఉంది.

జోస్యం సంగతి ఇంతే కాబట్టి, రాసిపెట్టుకోవడం దగ్గరికి వద్దాం. మన వాళ్లు మొదటి నెలసరిని ఎంత శ్రద్ధగా నమోదు చేస్తారో తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. తిథి, వారం, నక్షత్రం, ఆ సమయానికి పిల్ల కట్టుకున్న బట్ట రంగు వరకు పెద్దవాళ్లు అడిగి తెలుసుకుంటారు, పంచాంగాలలో ప్రథమ రజస్వలా ఫలితాలు అచ్చువేస్తారు, బంధువులను పిలిచి వేడుక చేస్తారు. రెండో నెలసరి తేదీ మాత్రం ఏ ఇంట్లోనూ ఉండదు. వైద్యులకు కావలసింది రెండోది, మూడోది, పదోది.

ఏం రాయాలి? మొదలైన రోజు, ఆగిన రోజు, రోజుకు మార్చిన ప్యాడ్ల సంఖ్య, అవి ఎంతగా తడిశాయి, నొప్పి ఎంత, ఏ మందు వేసుకుంది, బడికి వెళ్లిందా లేదా. ఇంతకు మించి అవసరం లేదు. మానసిక స్థితికి ఇరవై రకాల ముఖాల బొమ్మలు, చర్మం, జుట్టు, తిండి మీద కోరికలు, నిద్ర, తాగిన నీళ్లు అని యాప్ అడిగేవన్నీ నింపడం మొదలుపెట్టిన పిల్లలు కొద్ది రోజులకే విసిగి అసలు తేదీనే మానేస్తారు. పై జాబితాలో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ప్యాడ్ల లెక్క. అదే చాలా యాప్‌లలో లేదు. కొద్దిగా, మధ్యస్థంగా, ఎక్కువగా అన్న మూడు చుక్కల బొమ్మలు ఉంటాయి. ఇంట్లో అమ్మకూ అక్కకూ ఎక్కువగానే అవుతుంటే పిల్ల తనది మధ్యస్థమే అనుకుంటుంది. రోజుకు మూడు నుంచి ఆరు ప్యాడ్లు మామూలు. గంటకో రెండు గంటలకో ఒకటి నిండిపోతున్నా, ఏడు రోజులు దాటినా, పది రూపాయల నాణెం అంత గడ్డలు పడుతున్నా వైద్యుల దగ్గరికి వెళ్లాలి. రక్తం సరిగా గడ్డకట్టని వాన్ విల్‌బ్రాండ్ వంటి పుట్టుకతో వచ్చే సమస్య కొందరిలో మొదటిసారి బయటపడేది ఈ అధిక స్రావం రూపంలోనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల అమ్మాయిలలో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలిన దేశంలో, ప్యాడ్ల లెక్క రాసుకోవడం చాదస్తం అనిపించుకోదు. యాప్‌లో దానికి గడి లేకపోతే వ్యాఖ్య రాసుకునే చోట అంకె వేసుకోవచ్చు.

మందు పేరు రాయమన్నది ఎందుకంటే, నొప్పికి మెడికల్ షాపులో అడిగితే సాధారణంగా చేతికిచ్చే మాత్రల్లో మెఫెనామిక్ ఆమ్లం ఉంటుంది. దానివల్ల అరుదుగా తీవ్రమైన అలెర్జీ లక్షణాలు వస్తాయని భారత ఔషధ ప్రమాణాల సంస్థ 2023 చివర్లో హెచ్చరించింది. ఒంటిమీద దద్దురు వచ్చిన రోజున ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నదో రాసి ఉంటే వైద్యులకు పని సులువవుతుంది.

ఈ సమాచారమంతా ఎక్కడ ఉంటుందన్నది నా రెండో కొలమానం. ఇక్కడ చరిత్ర అంత బాగాలేదు. కోట్లమంది వాడే ఫ్లో యాప్, వాడేవారి ఆరోగ్య వివరాలను గోప్యంగా ఉంచుతామని చెప్పి ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థల విశ్లేషణ విభాగాలకు పంపిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించగా, 2021లో ఆ వ్యవహారం తప్పు ఒప్పుకోకుండానే రాజీతో ముగిసింది. అదే సమాచారానికి సంబంధించిన మరో దావాలో 2025 ఆగస్టులో కాలిఫోర్నియా జ్యూరీ ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాను బాధ్యురాలిగా తేల్చింది. ఇది ఎక్కడో జరిగిన విషయం అనుకోనక్కరలేదు. బెంగళూరులోనే తయారైన మాయా యాప్, గోప్యతా నిబంధనలకు వాడేవారు ఒప్పుకోకముందే ఫేస్‌బుక్‌కు సమాచారం పంపుతున్నదని ప్రైవసీ ఇంటర్నేషనల్ అనే సంస్థ 2019లో ప్రకటించింది. ఆ ప్రకటన తరువాత ఫేస్‌బుక్ సాఫ్ట్‌వేర్ భాగాలను యాప్‌లోంచి తీసేశామని దాని తయారీదారులు తెలిపారు. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, వారి ప్రవర్తనను వెంబడించి ప్రకటనలు చూపకూడదని అంటుంది. పుట్టిన సంవత్సరం తప్పుగా వేసిన పిల్లను యాప్ పిల్లగా గుర్తించదు కాబట్టి, ఆ రక్షణ ఆమె దాకా చేరడం కష్టం.

కంపెనీల సంగతి అలా ఉంచితే, పిల్లలు నిజంగా భయపడేది ఇంట్లోవాళ్లకూ తరగతిలోవాళ్లకూ తెలుస్తుందనే. చాలా ఇళ్లలో పిల్లకు సొంత ఫోన్ ఉండదు, అమ్మదో నాన్నదో వాడుతుంది. ఆన్‌లైన్ ట్యూషన్ కోసం ఆ ఫోన్‌ను తమ్ముడు పట్టుకున్నప్పుడు తెర పైభాగాన ఏ హెచ్చరిక పడుతుందన్నది ఆమెకు పెద్ద విషయం. కాబట్టి నేను ప్రతి యాప్‌లో ముందు వెతికింది హెచ్చరికలను పూర్తిగా ఆపేసే వీలుందా, యాప్‌కు వేరే తాళం పెట్టుకోవచ్చా అన్నది. ఉచిత యాప్‌లో ఆపే వీలు ఉంది కానీ నాలుగు చోట్ల విడివిడిగా ఆపాలి. తాళం మీద మా చెల్లెలికీ నాకూ అభిప్రాయ భేదం వచ్చింది. "సంకేతపదం నా దగ్గర లేకపోతే ఎలా అక్కా, చిన్నపిల్ల కదా" అన్నది ఆమె వాదన. 90 రోజులు దాటినా, ఏడు రోజులు మించినా అమ్మకు చెప్పాలన్న ఒప్పందం ఉంటే చాలునని, తాళంచెవి పిల్ల దగ్గరే ఉండాలని నా అభిప్రాయం. తనను ఎవరో చదువుతున్నారని తెలిసిన పిల్ల నిజం రాయడం మానేస్తుంది. అప్పుడు ఆ లెక్క ఎవరికీ పనికిరాదు.

ఈ రెండు కొలమానాలతో చూస్తే ఐఫోన్ హెల్త్ యాప్‌కు మంచి మార్కులే పడతాయి. 2019లో చేరిన నెలసరి విభాగంలో తేదీలు, స్రావం స్థాయి, చుక్కలుగా కనబడటం, నొప్పి వంటివి నమోదు చేయవచ్చు. గర్భధారణ అవకాశం ఉన్న రోజుల అంచనాను, నెలసరి జోస్యాన్ని, హెచ్చరికలను వేటికవి ఆపేసే మీటలు ఉన్నాయి. వాటిని ఆపితే మిగిలేది నాకు కావలసిన ఉత్త లెక్క. ఫోన్‌కు పాస్‌కోడ్ ఉంటే సమాచారం తాళం లోపలే ఉంటుంది. ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుంటే ఐక్లౌడ్‌కు వెళ్లే ప్రతి కూడా కంపెనీ చదవలేని విధంగా మారుతుంది. ప్రకటనలు లేవు. దీని పరిమితి ధరే. పిల్లకు నెలసరి రాసుకోవడానికి ఐఫోన్ కొనమని ఎవరూ చెప్పరు.

డ్రిప్ ఉచితం, ఆండ్రాయిడ్‌లోనూ పనిచేస్తుంది, దాని మూలరచన (సోర్స్ కోడ్) బహిరంగంగా ఉంటుంది, సమాచారం ఫోన్ దాటి బయటికి పోదు. గులాబీ రంగులూ పువ్వులూ లేకపోవడం నాకు నచ్చింది. అయితే ఇది శరీర ఉష్ణోగ్రత, గర్భాశయ ముఖద్వారపు స్రావం వంటివాటితో అండోత్సర్గాన్ని గుర్తించాలనుకునే పెద్దవారిని దృష్టిలో పెట్టుకుని చేసింది. డిగ్రీ చదివే అమ్మాయికి, ముఖ్యంగా జీవశాస్త్రం మీద ఆసక్తి ఉన్నవారికి ఇది ఇస్తాను. ఎనిమిదో తరగతి పిల్లకు అందులోని గడులు సగానికి పైగా అక్కరలేనివి. సమాచారం ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి ఫోన్ పోతే అదీ పోతుంది. అప్పుడప్పుడూ దాన్ని ఫైలుగా దింపి వేరే చోట దాచుకోవాలి.

ఓకీ ఆలోచన మాత్రం మొదటి నుంచీ పిల్లలదే. 2020లో విడుదలైన దీన్ని ఇండొనేషియా, మంగోలియా బాలికలతో కలిసి రూపొందించారు. ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది, తక్కువ ధర ఫోన్లలో పనిచేస్తుంది, ప్రకటనలు ఉండవు, అసలు పేరుకు బదులు ముద్దుపేరుతో చేరవచ్చు. ఒకే ఫోన్‌ను ఇద్దరు ముగ్గురు అక్కచెల్లెళ్లు వాడుకుంటే ఎవరి తాళం వారికి ఉంటుంది. ఫోన్ ఒక్కరిదే అన్న ఊహ మీద నడిచే మిగతా యాప్‌లకు తట్టని సంగతి ఇది. అందులోని సమాచారం కూడా గర్భం చుట్టూ కాకుండా ఎదిగే శరీరం చుట్టూ అల్లింది. పెద్ద కంపెనీలు దీన్ని చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది.

నోటు పుస్తకాన్ని ఈ పోటీలో చివరన పెట్టినా, పదిహేనేళ్లలోపు పిల్లలకు నా మొదటి సిఫారసు అదే. అవెన్యూ రోడ్డులో దొరికే జేబు డైరీ అయినా, బడి పుస్తకాల్లో మిగిలిపోయినదైనా సరే. వంటింటి గోడమీద తెలుగు క్యాలెండర్ మీద పెన్సిలుతో చుక్క పెట్టే అలవాటు పాతదే కానీ, అది ఇంటికి వచ్చినవాళ్లందరికీ కనబడుతుంది, పైగా డిసెంబరు కాగానే పాత కాగితాల్లో కలిసిపోతుంది. డైరీలో నెలకు ఒక పంక్తి చాలు. ఎన్ని రోజులకు వచ్చిందన్న తీసివేత ఆ పిల్లే చేసుకుంటుంది, ఆ తీసివేతతో తన శరీరం ఎలా నడుస్తుందో యాప్ చెప్పినదానికన్నా బాగా అర్థమవుతుంది. పేరు రాయనక్కరలేదు. ప్యాడ్ల సంఖ్యకు గడి లేదన్న ఇబ్బంది కూడా లేదు. మా అమ్మాయి చివరికి ఫోన్ కావాలంది, హెల్త్ యాప్‌లో జోస్యాన్నీ హెచ్చరికలనూ ఆపేసి ఇచ్చాం. ఆమె చెల్లెలు వరస పిల్ల డైరీ తీసుకుంది.

స్త్రీవైద్యుల దగ్గరికి వెళ్లవలసి వస్తే ఫోన్ తెర చూపించడం కన్నా చివరి ఆరేడు చక్రాల తేదీలను ఒక కాగితం మీద రాసి ఇవ్వడం మేలు. ఆసుపత్రుల్లో ఒక్కొక్కరికి దొరికే కొద్ది నిమిషాలలో యాప్ బొమ్మల మధ్య వెతికే తీరిక వారికి ఉండదు. చివరి నెలసరి ఎప్పుడు మొదలైందన్నది వారు మొదట అడిగే ప్రశ్న కాబట్టి అది పై వరుసలో ఉండాలి. పదిహేనేళ్లు నిండినా రజస్వల కాని పిల్లల విషయంలో రాయడానికి తేదీలే ఉండవు. వారిని వేచి చూడకుండా తీసుకెళ్లాలి.

ఇప్పటికే ఏదో ఒక ఉచిత యాప్ వాడుతున్న పిల్లలు దాన్ని మార్చుకోవాలనుకుంటే, బొమ్మను నొక్కి పట్టి తీసేస్తే సరిపోదు. ఫోన్‌లోంచి యాప్ పోతుంది కానీ, ఖాతా తెరిచి ఉంటే కంపెనీ సర్వర్‌లోని తేదీలు అక్కడే ఉంటాయి. ముందు పాత తేదీలను కాగితం మీదికి ఎక్కించుకోవాలి, తరువాత సెట్టింగులలో ఖాతాను తొలగించే చోటుకు వెళ్లి తొలగింపు కోరాలి, గూగుల్ లేదా ఫేస్‌బుక్ ఖాతాతో చేరి ఉంటే అక్కడి అనుమతిని కూడా రద్దు చేయాలి. తొలగించామన్న నిర్ధారణ మెయిల్‌లో వచ్చాకే యాప్‌ను తీసెయ్యాలి.